తాళపత్రాలు, రాగిరేకులు, పాత విగ్రహాలు: తిరుపతి పరిశోధన గ్రంథాలయాలకు వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ప్రాచ్య గ్రంథాల గదికి వచ్చేవారిలో పరిశోధకులు కొందరే. అటక మీద దొరికిన తాటాకుల కట్టను సంచిలో పెట్టుకుని వచ్చేవారు, ముత్తాత రాసిన శతకం కోసం వెతికేవారు, దర్శనానికి వచ్చి పనిలో పనిగా తొంగిచూసేవారు ఎక్కువ. అందరి సందేహాలూ దాదాపు ఒకటే కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసినదాని దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## బయలుదేరే ముందు

లైబ్రరీలో విగ్రహాలు, నాణేలు ఎందుకు? అవి మ్యూజియంలో ఉండాలి కదా?

పాత గ్రంథాల కోసం ఊళ్ళు తిరిగిన పండితులకు జనం తాటాకులు మాత్రమే ఇవ్వలేదు. కట్టతోపాటు ఆకు మీద రాసే గంటం, కట్టను దాచిన చెక్కపెట్టె, ఒక్కోసారి పూజ ఆగిపోయిన ఇంట్లోని విగ్రహం కూడా అప్పగించారు. గ్రంథం, దానితో వచ్చిన వస్తువు ఒకే చోట ఉంటేనే ఆ ఇంటి చరిత్ర తెలుస్తుంది. మ్యూజియంలో వస్తువు అద్దం వెనుక ఉంటుంది, పక్కన రెండు వాక్యాల పరిచయం ఉంటుంది. పరిశోధన గ్రంథాలయంలో దానికి ఒక నమోదు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య రాసి ఇస్తే బల్ల మీదికి తెచ్చి ఇస్తారు, కొలుచుకోవచ్చు, చదువుకోవచ్చు. అలంకరణ తక్కువ, ఉపయోగం ఎక్కువ.

తిరుపతిలో ఏవి ఎక్కడ చూడాలి?

తాళపత్ర గ్రంథాలకు ముందుగా చెప్పవలసింది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ. తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో దీన్ని స్థాపించి, 1956లో విశ్వవిద్యాలయానికి అప్పగించింది. సంస్కృత శాస్త్ర గ్రంథాల కోసమైతే 1961లో విద్యాపీఠంగా మొదలై, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయానికి వెళ్ళండి. విగ్రహాలు, ఆలయ వస్తువులు చూడాలంటే తిరుమల కొండ మీది శ్రీ వేంకటేశ్వర మ్యూజియం, చంద్రగిరి కోటలోని రాజమహల్ ఉన్నాయి. రాజమహల్ మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. గ్రంథాలయాల వేళలు, సెలవులు మారుతుంటాయి కాబట్టి ముందు ఫోను చేసి కనుక్కోండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. బస దొరకదు, ఆటో దొరకదు.

నేను విశ్వవిద్యాలయ పరిశోధకుణ్ణి కాను. నన్ను రానిస్తారా?

సాధారణంగా రానిస్తారు, కాకపోతే ముందుగా ఒక ఉత్తరం రాయాలి. పేరు, చిరునామా, గుర్తింపు కార్డు నకలుతోపాటు ఏ గ్రంథం చూడాలి, ఎందుకు అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. "పాత గ్రంథాలు చూడాలని ఆసక్తి" అని రాస్తే ఆ ఉత్తరం ఫైలులోనే నిద్రపోతుంది. "మా వంశంలోని ఫలానా వారు రాసిన యక్షగానం ప్రతి ఉందేమో చూడాలి" అని రాస్తే, అక్కడివాళ్ళే కేటలాగు తిరగేసి జవాబిస్తారు.

మా ఊరి కైఫీయతు తిరుపతిలో దొరుకుతుందా?

కైఫీయతులను, అంటే ఊళ్ళ చరిత్రలు రాసిన పాత రాతప్రతులను, చాలావరకు చెన్నైలో వెతకాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలో ఉండేవి. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీవే. కాబట్టి పాత రెవెన్యూ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పత్రాగారంలో, 1821లో చనిపోయిన ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన ఈ స్థానిక చరిత్రలు చాలావరకు చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఊరి పేరును ఇప్పటి జిల్లా కింద కాక అప్పటి తాలూకా కింద వెతకండి. తిరుపతి జిల్లా 2022లో వచ్చింది. పాత సూచికల్లో ఆ పేరుతో జిల్లా ఎక్కడా కనిపించదు.

## కేటలాగు దగ్గర

నేను వెతికే గ్రంథం పేరు కేటలాగులో లేదు. అంటే లేనట్టేనా?

అప్పుడే ఆశ వదులుకోవద్దు. ఒకే కట్టలో మూడు నాలుగు గ్రంథాలు ఉండటం మామూలే. సూచిక రాసినవారు మొదటి గ్రంథం పేరు వేసి ఊరుకున్న సందర్భాలు ఉంటాయి. మొదటి ఆకు పోయిన గ్రంథానికి పేరే తెలియక "వేదాంత గ్రంథం", "వైద్యం" అని పెడతారు. అందువల్ల పేరుతో పాటు కర్త పేరుతో, విషయంతో, గ్రంథం ఆద్యంతాలతో కూడా వెతకండి. వివరణాత్మక సూచికల్లో మొదటి పద్యం, చివరి గద్య ఇస్తారు. మీకు ఆ కావ్యంలోని ఒక్క పద్యం తెలిసినా అక్కడ పట్టుకోవచ్చు.

భాష, లిపి వేరు వేరు గడుల్లో ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. తెలుగు లిపిలో సంస్కృత గ్రంథాలు కొల్లలు. సంస్కృతం తమిళదేశంలో వాడిన "గ్రంథ" అనే లిపిలోనూ, నాగరి లిపిలో ఒక రకమైన నందినాగరిలోనూ దొరుకుతుంది. "తెలుగు" అన్న గడిని మాత్రమే చూసి వెళ్ళిపోయినవారు సగం నిధిని వదిలేసినట్టే.

"సమగ్రం", "అసమగ్రం", "శిథిలం" అంటే?

మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా ఉంటే సమగ్రం. మధ్యలోనో చివరనో ఆకులు పోతే అసమగ్రం. ముట్టుకుంటే విరిగే స్థితిలో ఉంటే శిథిలం. శిథిలమైనవాటికి స్కాన్ ప్రతి ఉంటే దాన్నే ఇస్తారు. అసలు ప్రతి కోసం పట్టుబట్టకండి.

రాగిరేకు మీద శకవర్షం ఉంది. అది క్రీస్తుశకంలో ఏ ఏడాది?

శాలివాహన శకానికి 78 కలపాలి. అయితే మన సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి, జనవరి తరువాత వచ్చే మాఘ, ఫాల్గుణ మాసాలకు 79 కలపాలి.

తాళ్ళపాక వారి రాగిరేకుల్లో మొదటిదాన్నే తీసుకుందాం. "శాలివాహన శకవర్షంబులు 1346 అగునేటి క్రోధి సంవత్సరమందు" అన్నమాచార్యులకు పదహారేళ్ళ వయసులో స్వామి ప్రత్యక్షమైనట్టు, శకం 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు సంకీర్తనలు విన్నవించినట్టు అందులో ఉంది. 1346కు 78 కలిపితే 1424. పదహారు తీసేస్తే పుట్టిన ఏడు 1408. రెండో తేదీ ఫాల్గుణంలో ఉంది కనుక 1424కు 79 కలపాలి, 1503 వస్తుంది. ఇక్కడ 78 కలిపి 1502 అని రాసేసేవారు చాలామంది.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి సంవత్సరం పేరు ఉంది. ప్రభవాది సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ఈమధ్య క్రోధి 2024లో వచ్చింది. 2024 నుంచి 1424 తీసేస్తే 600, అరవైతో నిశ్శేషంగా భాగించబడుతుంది, కాబట్టి లెక్క సరే. అలా కుదరకపోతే ముందు మీ చదువును అనుమానించండి, తరువాత చెక్కినవాడిని. గడిచిన శకవర్షం, నడుస్తున్న శకవర్షం అని రెండు రకాల వాడకం ఉండటం వల్ల ఒక్క ఏడాది తేడా రావచ్చు.

శకవర్షమే లేదు, రాజు ఏలుబడిలో ఇన్నో ఏడు అని మాత్రం ఉంది. ఎలా?

అప్పుడు లిపి తీరును బట్టి, ఆ రాజు ఎవరన్నదాన్ని బట్టి కాలం ఊహించాలి. ఇందులో పండితులకే పేచీలు ఉంటాయి. తిరుమలలో భోగ శ్రీనివాసమూర్తిగా పూజలందుకుంటున్న వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవై శాసనమే ఉదాహరణ. దాన్ని 7వ శతాబ్దిలో పెట్టినవారున్నారు, 10వ శతాబ్దిలో పెట్టినవారున్నారు. మీ వ్యాసంలో ఏ తేదీ తీసుకున్నా, రెండోది కూడా ఉందని చెప్పి తీరాలి.

## చదివే బల్ల దగ్గర

తాళపత్రాన్ని చేత్తో ముట్టుకోవచ్చా? గ్లౌజులు కావాలా?

శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరిన చేతులే మంచివి. గ్లౌజు దారం ఆకు అంచుకు తగులుకుంటే పెచ్చు ఊడుతుంది, పైగా వేలికి ఆకు మందం తెలియదు. దర్శనం చేసుకుని నేరుగా వచ్చేవారి వేళ్ళకు గంధం, కుంకుమ, లడ్డూ నెయ్యి ఉంటాయి. వాటిని సబ్బుతో కడుక్కోండి.

ఇక కట్ట విప్పడం. పై గుడ్డ తీశాక రెండు చెక్క పలకల మధ్య ఆకులు ఉంటాయి, రంధ్రాల గుండా దారం పోతుంది. దారాన్ని లాగకూడదు. ముడి విప్పి, ఆకులు అటూ ఇటూ కదిలేంత వదులు చేయాలి. ఆకును రెండు చివరలా రెండు చేతులతో పట్టుకుని, మొత్తంగా ఎత్తి పక్కకు పెట్టాలి. పుస్తకం పుటలా ఒక మూల పట్టి తిప్పితే రంధ్రం దగ్గర చీలుతుంది. విరిగిన ముక్కలు చాలావరకు ఆ రంధ్రం దగ్గరివే. చదవడం అయ్యాక అదే వరుసలో పేర్చి, దారం బిగించకుండా కట్టండి.

ఆకు మీద అక్షరాలే కనిపించడం లేదు. ఏమీ రాయలేదా?

రాసే ఉంటారు. తాటాకు మీద కలంతో రాయరు, గంటంతో గీస్తారు. ఆ గీతల్లోకి దీపపు మసి పట్టించి తుడిస్తేనే అక్షరం నల్లగా తేలుతుంది. మసి పట్టించని ఆకులు, పట్టించినా కాలక్రమంలో రాలిపోయినవి ఖాళీగా కనిపిస్తాయి. ఆకును కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. గీతల నీడలు లేస్తాయి. మీ అంతట మీరు పెన్సిల్ పొడో, బొగ్గు మసో రుద్దవద్దు. మసి పట్టించడం గ్రంథాలయ సిబ్బంది పని.

లిపి తెలుగే, అయినా చదవలేకపోతున్నాను. ఏమి చేయాలి?

కారణాలు మూడు నాలుగు ఉంటాయి. పదానికి పదానికి మధ్య జాగా ఉండదు. ఎత్వ ఏత్వాలకు, ఒత్వ ఓత్వాలకు చాలా ప్రతుల్లో తేడా చూపరు. "అన్న" అనవలసినచోట "అంన" అని రాస్తారు. పద్యమైనా పాదం విరవరు, ఆకు ఎక్కడ నిండితే అక్కడ ఆగుతారు. అంకెలు తెలుగు అంకెలే, ఆకు అంచున ఉంటాయి.

దగ్గరి దారి ఒకటే. మీకు బాగా తెలిసిన గ్రంథం, పోతన భాగవతంలో గజేంద్ర మోక్షం అనుకోండి, దాని తాళపత్ర ప్రతిని అడగండి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని పద్యం వెంట పద్యం పోల్చి చదవండి. ఎదుట ఏముండాలో ముందే తెలుసు కాబట్టి కన్ను త్వరగా అలవాటు పడుతుంది. ఆ తరువాతే తెలియని గ్రంథానికి వెళ్ళండి. లేఖకుడు మారితే చేతిరాత తీరు మారుతుంది, మళ్ళీ కొంత తడబాటు తప్పదు.

శాసనం అడిగితే నల్లటి కాగితం ఇచ్చారు. అదేమిటి?

దాన్ని ఎస్టాంపేజీ అంటారు. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో కొడితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే గుంటలు తెల్లగా మిగిలి, చుట్టూ నల్లబడుతుంది. రాయి అరిగిపోయినా, గోడకు సున్నం కొట్టినా కాగితం మీద శాసనం మిగిలి ఉంటుంది. తిరుమల, తిరుపతి ఆలయాల శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి వారు ఇలాగే నకళ్ళు తీసి చదివారు. దేవస్థానం 1930లలో వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. వాటిలో ఎక్కువ భాగం తమిళంలో ఉంటాయి. తెలుగు ఊళ్ళో తమిళ శాసనాలేమిటని ఆశ్చర్యపోయేవారు, చోళుల కాలంలో ఈ సీమ ఎవరి ఏలుబడిలో ఉందో చూసుకోవాలి.

అన్నమయ్య రాగిరేకులను ఎవరు చదివి అచ్చులోకి తెచ్చారు?

తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో ఉన్న రేకులు రెండు వేలకు పైమాటే. వాటిని పరిష్కరించడంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మల కృషి పెద్దది. రేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరాలు ఉండవు. ఇప్పుడు మనం వినే వరుసలు దాదాపు అన్నీ 20వ శతాబ్దిలో, ఆ తరువాత కట్టినవే. "అన్నమయ్య కాలంనాటి బాణీ" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

## ఫోటోలు, నకళ్ళు

ఫోనుతో ఫోటో తీసుకోవచ్చా?

అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఫ్లాష్ వద్దు. ప్రతి ఫోటోలోనూ నమోదు సంఖ్య రాసిన చీటీ, ఒక చిన్న స్కేలు కనిపించాలి. సంఖ్య లేని ఫోటో ఇంటికి వెళ్ళాక ఏ గ్రంథానిదో మీకే తెలియదు.

పాత కావ్యాన్ని అచ్చు వేసుకుంటే కాపీరైటు సమస్య వస్తుందా?

మన చట్టంలో కాపీరైటు కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. వందల ఏళ్ళ కిందటి కవి పద్యాలకు అది వర్తించదు. కానీ ఇటీవలి పరిష్కర్త రాసిన పీఠిక, వ్యాఖ్య అతనివే. గ్రంథాలయం తన ప్రతిని అచ్చు వేసుకోవడానికి పెట్టే షరతులు కాపీరైటుతో సంబంధం లేని వేరే విషయం. వాటికి ఒప్పుకుని సంతకం పెడితే కట్టుబడాలి.

## మీ ఇంట్లో ఉన్న వస్తువుల గురించి

అటక మీద తాటాకుల కట్ట దొరికింది. ముందు ఏమి చేయాలి?

ముందు ఏమీ చేయకండి. ఎండలో ఆరబెట్టడం, తడిగుడ్డతో తుడవడం, వంటింటి నూనె పూయడం, ఈ మూడింటి వల్లా నాశనమైనవి పురుగు తిన్నవాటికి తీసిపోవు. గ్రంథాలయాల్లో నిమ్మగడ్డి నూనె వాడతారు నిజమే, అది ఆకును శుభ్రం చేశాక, పలుచగా, చేయి తిరిగినవారు చేసే పని. ఆముదం రాస్తే దుమ్ము పట్టి ఆకులన్నీ అతుక్కుపోతాయి.

నీడపట్టున, నేల మీద తెల్లగుడ్డ పరిచి కట్ట పెట్టండి. పైదుమ్మును మెత్తని పొడి కుంచెతో తోయండి. విరిగిన ముక్కలను ఏ ఆకు పక్కన దొరికితే ఆ ఆకుతోనే కాగితంలో చుట్టండి. ఉతికిన నూలుగుడ్డలో అటూ ఇటూ అట్టముక్కలు పెట్టి వదులుగా కట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల చెమ్మ పడుతుంది. వస కొమ్ములు పెట్టాలనుకుంటే గుడ్డకు బయట, పెట్టెలో పెట్టండి. సరస్వతీ పూజ చేయదలిస్తే కట్టకు ఎదురుగా చేయండి. పసుపు, కుంకుమ ఆకుల మీద వేయవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఒక కాగితం తీసుకుని ఆ కట్ట ఏ ఊళ్ళో, ఎవరి ఇంట్లో, ఏ మూల దొరికిందో, ఇంటి పెద్దలు దాని గురించి ఏమి చెప్పుకునేవారో రాసి పెట్టండి. ఆకులను ఎవరో ఒకరు ఎప్పటికైనా చదువుతారు, ఈ సంగతులు చెప్పేది మీ ఇంట్లో ఉన్న పెద్దావిడ ఒక్కరే.

పూజగదిలోని పాత ఇత్తడి విగ్రహాన్ని, రాగిరేకును చింతపండుతో తోమవచ్చా?

పాతవి, అక్షరాలున్నవి తోమవద్దు. చింతపండులోని పులుపు పైపొరను తినేస్తుంది. పండగ పండగకూ తోమితే ముక్కు, కళ్ళు, రేకు మీది గీతలు అరిగిపోతాయి. వయసు తెలిపే పైపొర పోయాక ఆ వస్తువు గురించి పరిశోధకుడు చెప్పగలిగింది కూడా తగ్గిపోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. లేత పచ్చ పొడి రాలుతుంటే అది లోహాన్ని తినే జబ్బు. చెమ్మ లేనిచోట, మిగతా సామానుకు దూరంగా పెట్టి, నిపుణులకు చూపించండి.

శ్రీకాళహస్తి కలంకారీ పాత గుడ్డ మడతల దగ్గర చిరుగుతోంది. ఎందుకు?

చిరుగు నల్లగీతల వెంట పోతోందేమో గమనించండి. కాళహస్తి పద్ధతిలో గుడ్డను కరక్కాయ, గేదె పాలలో ముంచి ఆరబెట్టాక, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి చేసిన రంగుతో కలం పట్టి నల్లగీతలు గీస్తారు. పటిక, వేళ్ళ రంగులతో ఎరుపు, నీలిమందుతో నీలం వస్తాయి. ఆ నల్లరంగులోని ఇనుమే ఏళ్ళు గడిచేకొద్దీ నూలును కొరుకుతుంది. అందుకే రామాయణం గుడ్డల్లో బొమ్మల లోపలి రంగు బాగానే ఉండి, అంచుగీత దగ్గర దారం తెగుతుంది.

ఉతకవద్దు, ఇస్త్రీ చేయవద్దు. మడత విప్పి, తెల్లని నూలుగుడ్డ కలిపి, లావుపాటి అట్టగొట్టం చుట్టూ బొమ్మ వైపు బయటికి వచ్చేలా చుట్టండి. ఎండ తగిలే గోడకు తగిలించవద్దు. గుడ్డ మూలల్లో తెలుగులో రాసిన వాక్యాలు ఉంటే వాటిని రాసుకోండి. ఏ ఘట్టమో, ఒక్కోసారి ఎవరు గీశారో అందులోనే ఉంటుంది.

బొమ్మల కొలువులో పెట్టే ఎర్రచందనం బొమ్మలు కూడా విలువైనవేనా?

పాత మరపాచి బొమ్మలను గ్రంథాలయాలు సంతోషంగా చూస్తాయి, జతగా ఉంటే మరీను. వార్నిషు వేయవద్దు, కొత్త రంగులు అసలే వద్దు. చీర కట్టిన బొమ్మ అయితే ఆ చీరను కూడా అలాగే ఉంచండి.

పొలం దున్నుతుంటే విగ్రహం బయటపడింది. మేమే ఉంచుకోవచ్చా?

కూడదు. భూమిలో దొరికిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. ఆచరణలో తహసీల్దారుకు రాసి ఇచ్చి, రశీదు తీసుకోవాలి. విగ్రహాన్ని కడగక ముందే, దొరికిన గుంటతో సహా ఫోటో తీయండి. ఆ గుంటలోని ఇటుక ముక్కలు, పెంకులు కూడా పారేయవద్దు. ఊరివారు పాలాభిషేకం మొదలుపెడితే ఆపడం కష్టమే, కనీసం ఫోటోలు ముందు తీసుకోండి.

ఎన్నేళ్ళు దాటితే పురావస్తువు? అమ్మవచ్చా?

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహాలు, నాణేలు, చిత్రాలు పురావస్తువులు. చారిత్రక, సాహిత్య, శాస్త్ర విలువ ఉన్న రాతప్రతులకు 75 ఏళ్ళు చాలు. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటివాటిని రిజిస్టరు చేయించాలి. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఇంటికి వచ్చి "పాత సామాను కొంటాం" అనేవారికి చూపించే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

## ఇవ్వదలిస్తే

గ్రంథాలయానికి ఇస్తే మా ఇంటి పేరు ఉంటుందా? మళ్ళీ చూడగలమా?

ఇచ్చేటప్పుడు కాగితం సరిగ్గా రాయించుకుంటే రెండూ ఉంటాయి. వస్తువుల జాబితా రెండు ప్రతులు, ప్రతిదానికీ ఫోటో, ఇచ్చినవారి పేరు సూచికలో వేయాలన్న మాట, మీ కుటుంబం చూడదలిస్తే అనుమతించాలన్న మాట ఉండాలి. దానమా, భద్రపరచడానికి అప్పగించడమా అన్నది తేల్చి రాయండి. నోటిమాట మీద ఇచ్చినవాటి గురించి రెండు తరాల తరువాత మనవలు వచ్చి అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

వెల కట్టి చెబుతారా?

చెప్పరు. ఏమిటో, ఎప్పటిదో చెబుతారు. ధర చెప్పడం వారి పని కాదు.

అసలు ప్రతి మా దగ్గరే ఉంచుకుని, స్కాన్ మాత్రం ఇస్తే సరిపోదా?

సరిపోతుంది. ఏమీ చేయకపోవడం కంటే అది ఎంతో నయం. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్, 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన జ్ఞాన భారతం పథకం ప్రైవేటు ఇళ్ళలోని గ్రంథాలను కూడా లెక్కలోకి తీసుకునేవే. స్కాన్‌లో పాఠం అంతా వస్తుంది.

రానివి కొన్ని ఉంటాయి. ఆకు తాటిదా శ్రీతాళమా అన్నది వేలితో వంచి చూస్తే తెలుస్తుంది. తాటాకు మందంగా బిరుసుగా ఉంటుంది, శ్రీతాళం పలుచగా వంగుతుంది. ఆకులు తారుమారైన కట్టలో పురుగు తొలిచిన రంధ్రం ఇంకా పనికొస్తుంది. పురుగు నేరుగా తొలుచుకుంటూ పోతుంది కాబట్టి, పక్కపక్కన ఉండిన ఆకుల్లో రంధ్రం ఒకే చోట, ఒకే ఆకారంలో ఉంటుంది. అంకెలు చెరిగిపోయినా రంధ్రాలను కలుపుకుంటూ పోయి పాత వరుస పట్టవచ్చు. అందుకే స్కాన్ ఇచ్చాక అసలు కట్టను పారేయవద్దు, నదిలో కలపవద్దు. స్కాన్ తీయించేటప్పుడు ఖాళీ ఆకులను, చెక్క పలకలను, కట్టకు చుట్టిన గుడ్డను కూడా తీయమని చెప్పండి. అడగకపోతే వాటిని వదిలేస్తారు.